దుబాసీ మార్చిన మాట

రాణి ఖ్వారంజే గుర్రం దిగకుండానే మాట్లాడింది.
ఎంత చలంటే
ఆమె నోట ముందు ఆవిరి వచ్చేది, తరువాత మాట.
రికాబు పక్కన నిలబడి
ఆవిరి చెదిరేలోగా నేను ఆ మాటను పట్టుకోవాలి,
లోయ భాషలోంచి కొండ భాషలోకి ఎక్కించాలి.
అదే నా కొలువు. నెలకొక గొర్రె, రెండు కుంచాల బార్లీ.

ఎదురుగా స్వాన్ కొండల మనుషులు,
మూడు వందల పన్నెండు మంది.
ఎండుగడ్డి కూరిన తోలు చెప్పులతో
మోకాళ్లదాకా మంచులో.

"మీరు నా గోడ" అంది.
అది తేలిక. ఇంటికొక బురుజు కట్టుకున్న జనం,
గోడంటే తెలియదా?
తాపీపని తతాష్ మాత్రం పక్కవాడి చెవిలో ఏదో గొణిగాడు,
ఇద్దరూ నవ్వారు.
ఆ రాత్రి నెగడు దగ్గర అడిగితే చెప్పాడు:
గోడకు బయటి వరస ఉంటుంది, లోపలి వరస ఉంటుంది,
నడుమ పోసేది దేనికీ పనికిరాని ముక్కరాళ్లు.
ఎవరం ఎక్కడో ఆమె చెప్పలేదు కదా, అని.

తోడేళ్లు అంది.
గొర్రెలు కాసుకునేవాళ్లతో ఆ మాటా?
మింగేసి, డేగలు అన్నాను.
ఎవరూ పట్టించుకోలేదు. నాకు ధైర్యం వచ్చింది.

అప్పుడామె చేయెత్తింది. ఉంగరం మీద ఎండ పడింది.
"మీరు సముద్రం. శత్రువు ఒడ్డు.
వెళ్లండి, అలల్లా వెళ్లండి."

సముద్రం!
కొండ భాషలో మాట లేక కాదు.
ఉప్పు వర్తకుడి నోట్లో ఉంది,
ముసలమ్మల కథల్లో ఏడు రోజుల దూరాన ఉంది.
కానీ ఈ మూడు వందల పన్నెండు మందిలో
అలను కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు.
నేను మాత్రం చూశానా?
చూడనిదాని పేరు చెప్పి చావమంటే
ఎవడి ఒళ్లు పులకరిస్తుంది?
నాకున్నది ఒక్క ఊపిరి వ్యవధి.

"మీరు మంచుచరియ" అన్నాను.
"శిఖరం మీంచి దూకండి. కింద ఏదీ మిగలకూడదు."

కేక లేస్తుందనుకున్నాను.
లేవలేదు.
గెలాఖ్సాన్ టోపీ తీశాడు.
అప్పుడు గుర్తొచ్చింది నాకు:
రెండేళ్ల కింద, పెద్ద ఉపవాసాల రోజుల్లో,
అతని అన్నదమ్ములు ముగ్గురూ, పశువుల కొట్టమూ
పొద్దున ఉన్నవి మధ్యాహ్నానికి లేవు.
అతని పక్కవాడు తీశాడు, వాడి పక్కవాడూ.
చావింటి గుమ్మం ముందు దించినట్టు
టోపీలన్నీ దిగాయి.

రాణి నా వైపు వంగింది.
"ఎందుకు తీశారు?"
"గౌరవం, మహారాణీ."
ఆమె ముఖం వెలిగింది. పాపం, ఇరవై రెండేళ్ల పిల్ల.

వెనక వరసలోంచి తతాష్ గొంతు:
"దుబాసీ, ఆమెనొక మాట అడుగు.
చరియ కిందికి వస్తుంది, సరే.
తిరిగి పైకెక్కిన చరియను ఎక్కడైనా చూసిందా?"

"ఏమంటున్నాడు?"

"సిద్ధంగా ఉన్నామంటున్నాడు."

గెలిచామనే రాశారు.
వంతెన దగ్గర రాతి మీద చెక్కించారు కూడా.
మంచు కరిగాక కొండదారి పట్టినవాళ్లను
దారి మలుపులో కూర్చుని లెక్కపెట్టాను.
రెండు చేతుల వేళ్లు చాలాయి.
వాళ్లలో తతాష్ లేడు.

చాలా ఏళ్లకు, పన్ను పద్దుల పని మీద
రియోని నది కలిసేచోటికి వెళ్లాను.
మొదటిసారి.
ఒడ్డున ఎవరి పిల్లో పీతను తరుముతోంది.
అల వచ్చింది, నా చెప్పుల్లో గడ్డి తడిపింది,
వెనక్కి పోయింది.
ఇంకొకటి వచ్చింది. అదీ వెనక్కి పోయింది.

ఆమె చెప్పింది ఇదా?
వెళ్లి, మళ్లీ రమ్మనా?
లేక ఎవరో ముసలి మంత్రి రాసిచ్చిన ముక్కను
తనూ సముద్రం చూడకుండానే అప్పజెప్పిందా?
అడుగుదామంటే ఆమె కూడా పోయి పదేళ్లు.

చీకటిపడేదాకా ఒక్కొక్క అలనూ లెక్కపెడుతూ కూర్చున్నాను.
రెండు వందల చిల్లర దగ్గర తప్పింది.
పిల్లను ఇంట్లోంచి ఎవరో పిలిచారు.
మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.